చింతగింజల లెక్క

జ్ఞానభారతి గేటు దగ్గర దిగేసరికి
బెంగళూరు చలి చెవుల్లో దూరింది.
కమలాపురం ఎండకు కాగినవాణ్ణి,
జూన్‌లో చలేమిటని విసుక్కున్నాను.
ముప్పై రోజుల శిక్షణ.
ఇలాంటివి నాకు ఇదివరకే నాలుగయ్యాయి.
ఒక్కోదానికి ఒక జిప్పు సంచి, ఒక పెన్ను,
సంతకాల పట్టీ, చల్లారిన పులిహోర,
చివర గ్రూపు ఫోటోలో కళ్ళు మూసుకున్న నేను.
ఆ సంచుల్లో కూరగాయలు తెచ్చుకునేవాణ్ణి.
శిక్షణ వల్ల మేలేదన్నా జరిగిందంటే
మా ఇంటి వంకాయలకే.

మొదటి వారం మామూలే.
నాలుక ఎక్కడ ఆనాలో, పెదవి ఎక్కడ కొరకాలో
అద్దాల ముందు నలభై మందిమి
వీ కీ డబ్ల్యూ కీ మధ్య ఇరుక్కుపోయాం.
మన 'వ' రెండింటికీ చాలినన్నాళ్ళు
నాకే లోటూ తెలియలేదు.

రెండో వారం పూవమ్మ మేడం వచ్చింది.
కొడగు మనిషి. పొట్టి జుట్టు, మగవాళ్ళ వాచీ.
నమస్కారమైనా లేకుండా
కొడవ భాషలో పాఠం మొదలెట్టింది.
నా వైపు వేలు చూపి ఏదో అడిగింది.
పద్నాలుగేళ్ళ సర్వీసు, రెండు ఎమ్మేలు,
లేచి నిలబడ్డాను.
నేల చూశాను. చొక్కా గుండీ తిప్పాను.
పక్కనున్న తిరునల్వేలి సారు
జవాబు అందిస్తాడేమోనని ఓరగా చూశాను.

అప్పుడు గుర్తొచ్చాడు ఓబులేసు.
మూడో బెంచీ, గోడ వైపు.
వాడూ అచ్చం ఇలాగే గుండీ తిప్పుతాడు.
నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా అంటాను నేను.
మేడం నన్నేమీ అనలేదు.
అననందుకే ఎక్కువ తగిలింది.

మూడో వారం, మల్లత్తహళ్ళి బడిలో నా పాఠం.
ఆరో తరగతి. సగం మంది
అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్ళ పిల్లలు,
ఆదోని నుంచి, కోసిగి నుంచి, రాయచూరు నుంచి
ఇసుక వెంట వచ్చినవాళ్ళు.
బాగా చెప్పాను. నిజంగానే.
బొమ్మలు గీశాను, జోకులు వేశాను,
నా గొంతు నాకే ముచ్చటేసింది.
మేడం వెనక బెంచీలో
ఒళ్ళో స్టీలు డబ్బా పెట్టుకుని కూర్చుంది.
టిఫిన్ అనుకున్నాను.

గంట కొట్టాక డబ్బా నా చేతికిచ్చింది.
రెండు చింతగింజలు.
"పిల్లలెవరైనా సొంత మాట అన్నప్పుడల్లా ఒకటి.
కోరస్‌లు లెక్కలోకి రావు."
నలభై నిమిషాలకి రెండు.
అందులో ఒకటి, టాయిలెట్‌కి వెళ్ళొచ్చా అని.
"అదీ వేశాను, ఆ అవసరం నిజం కదా" అంది.

ఆ రాత్రి హాస్టల్లో
ఆఖరి మెట్రో వెళ్ళిపోయాక
లైటు వేసి పాఠం మళ్ళీ రాశాను.
రాయడమంటే, నావి కొట్టేయడం.
ఒక్కో వాక్యం తీసేస్తుంటే
విస్తరి ముందు నుంచి లేవమన్నట్టుంది.

సోమవారం ఒక ఇటుక తీసుకెళ్ళి
బల్ల మీద పెట్టాను. అంతే.
చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.
నాకు చెమటలు. ఆ ఖాళీని నింపమని నాలుక దురద.
అప్పుడు ఈరమ్మ అనే పిల్ల
"సార్, ఇవి మాయమ్మ మోస్తాది" అంది.
తెలుగు వద్దు అనబోయి నాలుక కరుచుకున్నాను.
ఇంగ్లీషులో ఎట్లంటావని తెలుగులోనే అడిగాను.
"మై మదర్ క్యారీ."
క్యారీకి ఎస్ లేదు.
జేబులో ఎర్ర పెన్ను కదిలింది.
ఉండనిచ్చాను.
గోడ వైపు నుంచి ఇంకొకడు,
"మై మదర్ ఆల్సో. ట్వెల్వ్. ఆన్ హెడ్."
వెనక డబ్బాలో టంగుమంది.
మళ్ళీ. కాసేపాగి, మళ్ళీ.

పదిహేడు గింజలు.
మేడం పొగడలేదు.
"ఆ ఎస్ సంగతి ఎప్పుడు చెప్తావు?"
రేపన్నాను.
"రేపు నువ్వుంటావు. ఆ పిల్ల ఉంటుందా?
అక్కడ స్లాబులు అయిపోయాయి."
మళ్ళీ గుండీ తిప్పాను.

చివరి రోజు ఫారం.
శిక్షణ నాణ్యత, ఒకటి నుంచి ఐదు, సున్నా చుట్టండి.
కింద ఖాళీ గీత మీద రాశాను,
నవంబరులో ఎవరైనా డబ్బా పట్టుకుని
కమలాపురం వస్తారా అని.
ఆఫీసతను చదివి
ఇది సూచనా, ఫిర్యాదా అని అడిగాడు.

మెజెస్టిక్‌లో కడప బస్సు.
గతుకు వచ్చినప్పుడల్లా సంచి గలగలమంటోంది.
విత్తనాలా అన్నాడు పక్కసీటాయన.
లెక్కకి అన్నాను.